డిగ్రీ కోర్సు, యూనివర్సిటీ ఎంచుకోవడం ఎలా: మొదటి కాగితం నుంచి ఫీజు కట్టే దాకా

‘నాకు రెండు చోట్ల సీటొచ్చింది, ఎందులో చేరమంటారు?’ నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. జవాబుగా నేనూ ఒకటే అడుగుతాను: ‘రెండో సంవత్సరంలో ఏమేం సబ్జెక్టులున్నాయో చూశారా?’ చాలామంది చూసి ఉండరు. క్యాంపస్ ఫొటోలు చూస్తారు, ర్యాంకు చూస్తారు, ప్యాకేజీ చూస్తారు. మూడు నాలుగేళ్లు కూర్చుని చదవాల్సిందేమిటో మాత్రం చూడరు.

అందుకే ఇక్కడ వరస మార్చాను. ముందు కోర్సు, తర్వాత గుర్తింపు, ఆపైన డబ్బు. యూనివర్సిటీ పేరు ఆఖర్న. ఏడాది ముందు మొదలుపెడితే అన్నీ తీరిగ్గా చేసుకోవచ్చు. నెల రోజులే మిగిలితే 3, 4, 7 దశలు మాత్రం వదలకండి.

1. వెతకడానికి ముందు: ఒక నోట్‌బుక్, నాలుగు పేజీలు

వెబ్‌సైట్లు తెరవకముందే నాలుగు పేజీలు రాసుకోండి. ఫోన్లో కాదు, కాగితం మీద. ఇంట్లో అందరికీ కనిపించేలా ఉంటే తర్వాత వాదనలు తగ్గుతాయి.

మొదటి పేజీలో మీరు చేసిన పనులు రాయండి. ఇష్టాలు కాదు, చేసినవి. గత ఏడాదిలో ఎవరూ చెప్పకుండానే గంటల తరబడి కూర్చుని ఏం చేశారు? ఏ సబ్జెక్టు హోంవర్క్ ముందు అయిపోయేది, ఏది చివరిదాకా అలాగే పడి ఉండేది? ‘బయాలజీ ఇష్టం’ అని రాస్తే ఏమీ తెలియదు. ‘బయాలజీ బొమ్మలు కావాలని మళ్లీ మళ్లీ వేశాను, కెమిస్ట్రీ సమీకరణాలు బట్టీ పట్టాను’ అని రాస్తే చాలా తెలుస్తుంది.

రెండో పేజీలో హద్దులు. కోర్సు మొత్తానికి ఎంత ఖర్చు పెట్టగలరు, ఇంటి నుంచి ఎంత దూరం వెళ్లగలరు, ఏ భాషలో ఇబ్బంది లేకుండా చదవగలరు, ఆరోగ్యం విషయంలో ఏవైనా అవసరాలున్నాయా. ఇవి మొహమాటం లేకుండా రాయాలి.

మూడో పేజీలో డిగ్రీ తర్వాత కనిపిస్తున్న రెండు మూడు దారులు. ఉద్యోగం, పై చదువు, లేదా లైసెన్సు తప్పనిసరైన వృత్తి. ‘ఇంకా తెలియదు’ అనిపిస్తే అదే రాయండి. అలాంటప్పుడు మొదటి ఏడాది వెడల్పుగా చదివి, తర్వాత ఒక దారి పట్టడానికి వీలిచ్చే కోర్సులు వెతకాలి.

నాలుగో పేజీ తేదీలకు: అప్లికేషన్, ప్రవేశ పరీక్ష, స్కాలర్‌షిప్, హాస్టల్. స్కాలర్‌షిప్ గడువు చాలాచోట్ల అడ్మిషన్ గడువు కంటే ముందే ముగుస్తుంది. దాన్ని ఎర్ర సిరాతో రాయండి.

తల్లిదండ్రులకు ఒక మాట: రెండో పేజీ మీరు నింపండి, మొదటి పేజీ పిల్లల్ని నింపనివ్వండి. తారుమారు చేస్తే పేచీ అక్కడే మొదలవుతుంది.

2. ఇష్టాన్ని పరీక్షకు పెట్టడం

స్కూల్లో చూసిన సబ్జెక్టు వేరు, అదే పేరుతో ఉండే డిగ్రీ వేరు. సైకాలజీ అంటే మనసు గురించి కబుర్లనుకుని చేరినవాళ్లకు మొదటి సంవత్సరంలోనే స్టాటిస్టిక్స్ ఎదురవుతుంది. ఎకనామిక్స్ పైకి వెళ్లేకొద్దీ కాలిక్యులస్ పెరుగుతుంది. కంప్యూటర్ సైన్స్‌లో డిస్క్రీట్ మ్యాథ్స్, అల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రధానం. యాప్‌లు తయారు చేయడం అందులో ఒక మూల మాత్రమే. న్యాయశాస్త్రంలో వాదించడం కంటే చదవడం ఎన్నో రెట్లు ఎక్కువ.

రెండు వారాల పరీక్ష ఇలా పెట్టుకోండి.

– మీరు అనుకుంటున్న కోర్సులో మొదటి ఏడాది తప్పనిసరి సబ్జెక్టులు చూసి, అన్నిటికంటే పొడిపొడిగా అనిపించేది ఎంచుకోండి. సరదాగా కనిపించేది కాదు.
– దాని పాఠాలు ఉచితంగా వెతకండి. ఎంఐటీ తన కోర్సుల మెటీరియల్‌ను ఓపెన్‌కోర్స్‌వేర్ పేరుతో అందరికీ ఉచితంగా ఇస్తామని 2001లోనే ప్రకటించింది. ఇప్పుడు చాలా యూనివర్సిటీల లెక్చర్లు యూట్యూబ్‌లోనే దొరుకుతాయి.
– రోజుకు గంట చొప్పున రెండు వారాలు. వినడంతో సరిపెట్టకుండా అసైన్‌మెంట్లు కూడా చేయండి.
– చివర్లో మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న: రాని లెక్క దగ్గరికి మర్నాడు మళ్లీ వెళ్లానా, తప్పించుకున్నానా?

మా అక్క కూతురు సైకాలజీయే కావాలని పట్టుబట్టింది. ఈ పరీక్ష పెట్టాం. నాలుగో రోజుకల్లా స్టాటిస్టిక్స్ మీద విసుగొచ్చి మానేస్తుందనుకున్నాను. తను మాత్రం సర్వే ప్రశ్నలు ఎలా రాయాలో చెప్పే పాఠం పట్టుకుని, చుట్టాలందరికీ ప్రశ్నలు పంపి ప్రాణం తీసింది. ఆ పట్టుదలకు ఇంకెవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదనిపించింది.

లైసెన్సు కావాల్సిన వృత్తులకు మాత్రం వెనక నుంచి ముందుకు రావాలి. వైద్యం, నర్సింగ్, న్యాయం, ఆర్కిటెక్చర్, టీచింగ్ లాంటివి. మీరు పని చేయాలనుకునే దేశంలో లైసెన్సు ఇచ్చే సంస్థ ఏ డిగ్రీని ఒప్పుకుంటుందో ముందు చూసి, ఆ తర్వాతే కాలేజీ వెతకండి. న్యాయశాస్త్రం మరీ జాగ్రత్త: ఒక దేశం చట్టం చదివిన డిగ్రీతో ఇంకో దేశంలో నేరుగా లాయర్ కావడం సాధారణంగా కుదరదు.

3. సిలబస్ చదవడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఒక్కో కోర్సుకు గంట కేటాయించండి.

బ్రోచర్ పక్కన పెట్టి అసలు డాక్యుమెంట్ పట్టుకోండి. ‘రెగ్యులేషన్స్ అండ్ సిలబస్’, ‘ప్రోగ్రామ్ హ్యాండ్‌బుక్’, ‘కోర్స్ కేటలాగ్’ అని రకరకాల పేర్లతో ఉంటుంది. వెబ్‌సైట్‌లో లేకపోతే డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ పెట్టండి. వారం దాటినా జవాబు రాకపోతే, చేరాక పెట్టే మెయిళ్లకూ అదే గతి పట్టవచ్చని నోట్‌బుక్‌లో రాసుకోండి.

తర్వాత నాలుగు రంగుల పెన్నులు తీసుకోండి. మొత్తం సబ్జెక్టులను నాలుగు గుంపులు చేయండి: పునాది సబ్జెక్టులు, అసలు కోర్సు సబ్జెక్టులు, ల్యాబ్ లేదా ప్రాజెక్టు, అందరికీ ఉండే సాధారణ పేపర్లు. ఒక్కో గుంపులో క్రెడిట్లు (పని భారాన్ని బట్టి ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే అంకెలు) కూడండి.

ఉదాహరణకు ‘డేటా సైన్స్’ పేరుతో రెండు డిగ్రీలున్నాయనుకుందాం. మొదటి దాంట్లో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్ మూడూ రెండో ఏడాది ముగిసేలోపే వస్తాయి. డేటాబేస్‌లు, మెషీన్ లెర్నింగ్ వాటి మీద నిలబడతాయి. చివరి ఏడాదిలో రెండు సెమిస్టర్ల ప్రాజెక్టు. రెండో దాంట్లో మొదటి ఏడాదిలోనే ‘ఇంట్రడక్షన్ టు ఏఐ’ కనిపిస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ప్రాబబిలిటీ ఒక పేపర్లో ఒక యూనిట్‌కే పరిమితం. తర్వాత వరసగా నాలుగైదు పేపర్లు ఒక్కో సాఫ్ట్‌వేర్ టూల్ పేరు మీదే ఉంటాయి. పేరు ఒకటే అయినా ఇవి రెండు వేర్వేరు డిగ్రీలు. టూల్ పాతబడితే రెండో డిగ్రీలో చదివిన పేపర్లూ పాతబడతాయి. పై చదువుకు వెళ్లాలంటే మొదటిదే అక్కరకొస్తుంది. తొందరగా ఏదో ఒక పనిలో చేరాలనుకునేవాళ్లకు రెండోది సరిపోవచ్చు, కాదనను. ఏది కొంటున్నారో తెలిసి కొనండి, అంతే.

గుంపులు కట్టాక ఈ అయిదూ చూడండి.

– ఎలక్టివ్‌లు, అంటే మీరు ఎంచుకునే పేపర్లు: జాబితాలో ఇరవై ఉండవచ్చు. గత రెండేళ్లలో నిజంగా నడిచినవెన్ని? ఇది పాత టైమ్‌టేబుల్ చూస్తే తెలుస్తుంది.
– ముందస్తు షరతులు: ఒక పేపర్ పాసైతేనే ఇంకోటి తీసుకోవాలా? మొదటి ఏడాదిలో ఒకటి తప్పితే మొత్తం ఎంత వెనక్కి జరుగుతుంది?
– మార్కుల పద్ధతి: అంతా చివరి పరీక్షేనా, ఏడాది పొడవునా అసైన్‌మెంట్లా? పరీక్షంటే టెన్షన్ పడేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.
– దారి మార్చుకునే వీలు: అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో రెండో ఏడాది చివరికి మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ప్రకటిస్తే చాలు. ఇంగ్లండ్‌లో సాధారణంగా సబ్జెక్టుకే అప్లై చేస్తారు, మధ్యలో మారడం కష్టం. డిగ్రీ కాలం కూడా ఒకటి కాదు: ఇంగ్లండ్‌లో ఆనర్స్ డిగ్రీ మామూలుగా మూడేళ్లు, స్కాట్లాండ్‌లో నాలుగేళ్లు.
– పని భారం: యూరప్ క్రెడిట్ పద్ధతి ఈసీటీఎస్‌లో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. క్లాసు గంటలు ఇందులో ఒక భాగమే, మిగతాదంతా మీరు సొంతంగా కూర్చుని చదవాల్సింది. పార్ట్‌టైమ్ ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

4. గుర్తింపు: ఇందులో రాజీ వద్దు

డిగ్రీకి చట్టబద్ధమైన గుర్తింపు లేకపోతే సిలబస్ ఎంత బాగున్నా వృథా. కాలేజీ వెబ్‌సైట్‌లో లోగో కనిపించినంత మాత్రాన నమ్మకండి. గుర్తింపు ఇచ్చే సంస్థ సైట్‌కే వెళ్లి, కాలేజీ పేరు టైప్ చేసి చూడండి.

భారతదేశంలో యూజీసీ. నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా అదే ప్రకటిస్తుంది. ఇంగ్లండ్‌లో ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ రిజిస్టర్. అమెరికాలో విద్యాశాఖ నడిపే డీఏపీఐపీ డేటాబేస్. ఆస్ట్రేలియాకు వెళ్లే విదేశీ విద్యార్థులైతే క్రికోస్ రిజిస్టర్‌లో కాలేజీనే కాదు, కోర్సును కూడా వెతకాలి. కెనడాలో డీఎల్ఐ జాబితా ఉంది, కానీ అది విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉన్న కాలేజీల జాబితా మాత్రమే.

ఇక్కడ ఎక్కువమంది తికమకపడేది ఒకటుంది. సంస్థకు గుర్తింపు వేరు, కోర్సుకు గుర్తింపు వేరు. మన దగ్గర న్యాక్ అయితే కాలేజీ మొత్తాన్ని చూస్తుంది, ఎన్‌బీఏ ఒక్కో ప్రోగ్రామ్‌ను (కోర్సును) చూస్తుంది. అమెరికాలో ఇంజినీరింగ్ లాంటి కోర్సులకు గుర్తింపు ఇచ్చే అబెట్ కూడా ప్రోగ్రామ్‌నే చూస్తుంది. ఒకే కాలేజీలో సివిల్‌కు గుర్తింపు ఉండి, కొత్తగా పెట్టిన బ్రాంచికి లేకపోవచ్చు.

ఇంజినీరింగ్ చదివి విదేశాల్లో పని చేయాలనుకుంటే వాషింగ్టన్ అకార్డ్ గురించి తెలుసుకోండి. 1989లో మొదలైన ఈ ఒప్పందంలో ఉన్న దేశాలు ఒకరి ఇంజినీరింగ్ డిగ్రీల గుర్తింపును మరొకరు అంగీకరిస్తారు. భారత్ తరఫున ఎన్‌బీఏ 2014లో పూర్తి సభ్యత్వం పొందింది. అయితే ఇది ఎన్‌బీఏ టైర్-1 గుర్తింపు (అటానమస్ కాలేజీలకు, యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లకు ఇచ్చేది) ఉన్న ప్రోగ్రాములకే వర్తిస్తుంది.

వైద్యానికి వరల్డ్ డైరెక్టరీ ఆఫ్ మెడికల్ స్కూల్స్ అనే జాబితా ఉంది. అందులో పేరు ఉంటే చాలనుకుంటారు. ఆ జాబితాలో ఉండటం దానికదే గుర్తింపు కాదు. మీరు ప్రాక్టీసు చేయబోయే దేశపు మెడికల్ కౌన్సిల్ నిబంధనలు విడిగా చదవాల్సిందే.

సరిచూడాల్సినవి:

☐ గుర్తింపు ఏ తేదీ వరకు? మీరు డిగ్రీ పూర్తి చేసేనాటికి ముగిసిపోతుందా?
☐ మీరు చేరే క్యాంపస్‌కే ఉందా, ప్రధాన క్యాంపస్‌కు మాత్రమేనా?
☐ రెగ్యులర్‌కా, దూరవిద్యకా, ఆన్‌లైన్‌కా?
☐ పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరు ఉంటుంది?

5. ర్యాంకింగులు ఎంతవరకు

ర్యాంకు చూడొద్దని చెప్పను. ఆ ర్యాంకు దేన్ని కొలిచిందో కూడా చూడండి. క్యూఎస్ ప్రపంచ ర్యాంకింగుల్లో 2024 ఎడిషన్ నుంచి అకడమిక్ పేరుకు 30 శాతం, ఉద్యోగాలిచ్చేవారిలో ఉన్న పేరుకు 15 శాతం. అంటే దాదాపు సగం మార్కులు సర్వేల్లో చెప్పిన అభిప్రాయాలవే. 2003లో మొదలైన షాంఘై ర్యాంకింగ్‌లో 30 శాతం పూర్వ విద్యార్థులకు, ఫ్యాకల్టీకి వచ్చిన నోబెల్ బహుమతులు, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ మెడల్స్‌కే పోతుంది. మీ మొదటి సెమిస్టర్ లెక్కల క్లాసు ఎవరు చెబుతారో ఈ రెండూ చెప్పవు.

పైగా చాలా ర్యాంకింగులు యూనివర్సిటీలు పంపిన లెక్కల మీదే ఆధారపడతాయి. 2022లో కొలంబియా యూనివర్సిటీ పంపిన వివరాలు సరిగ్గా లేవని ఆ యూనివర్సిటీ గణిత ప్రొఫెసరే బయటపెట్టారు. కొన్ని వివరాలు తప్పని యూనివర్సిటీ ఒప్పుకుంది. అమెరికాలో పేరున్న యూఎస్ న్యూస్ ర్యాంకుల జాబితాలో 2వ స్థానం నుంచి 18కి పడిపోయింది. అక్కడి పాఠాలేమీ ఒక్క ఏడాదిలో అంత దిగజారిపోలేదు కదా! ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు నమ్మకూడదని చెప్పడానికే ఇది.

వాడే పద్ధతి: మొత్తం ర్యాంకు వదిలి సబ్జెక్టు ర్యాంకు చూడండి. ఒకటి రెండు స్థానాల తేడా పట్టించుకోకండి. మొదటి 50, 51–200, ఆపైన అని గుంపులుగా చూస్తే చాలు. పేరు తెలియని యూనివర్సిటీలను కనుక్కోవడానికి ర్యాంకులు పనికొస్తాయి. రెండిటి మధ్య తేల్చుకోవడానికి పనికిరావు.

6. ప్లేస్‌మెంట్ లెక్కలు విప్పి చూడటం

కాగితం తీసుకుని ఈ చిన్న లెక్క వేయండి. పదిమంది విద్యార్థులు. తొమ్మిది మందికి ఏడాదికి 4 చొప్పున జీతం, ఒకరికి 44 (అంకెలన్నీ లక్షల్లో అనుకోండి). మొత్తం 80, సగటు 8. ప్రకటనలో ‘సగటు ప్యాకేజీ 8’ అని పడుతుంది, ‘అత్యధికం 44’ అని ఇంకా పెద్ద అక్షరాల్లో పడుతుంది. పదిమందిలో ఒక్కరికి కూడా 8 రాలేదు! వరసలో నిలబెట్టినప్పుడు సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల జీతాన్ని మీడియన్ అంటారు. ఇక్కడ అది 4. అడగాల్సింది అదే.

శాతం వెనకా ఇలాంటిదే ఉంటుంది. బ్రాంచిలో 200 మంది. ప్లేస్‌మెంట్‌కు పేరు నమోదు చేసుకోనిచ్చింది 100 మందిని. ఉద్యోగం వచ్చింది 95 మందికి. ప్రకటన: 95 శాతం. నిజానికి బ్రాంచిలో సగం కూడా కాదు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేయడమూ ఉంది.

కాబట్టి ఇలా అడగండి: ‘మా బ్రాంచిలో చివరి ఏడాది ఎంతమంది? ఎంతమంది నమోదు చేసుకున్నారు? ఎంతమంది చేరారు? మీడియన్ ఎంత?’ నాలుగు అంకెలు ఇవ్వడానికి తటపటాయిస్తే ప్రకటనలోని అంకెను పక్కన పెట్టేయండి.

7. మొత్తం ఖర్చు

మొదటి ఏడాది ఫీజును ఏళ్లతో గుణించడం చాలామంది చేసే తప్పు. ఫీజు ఏటా పెరుగుతుందో లేదో, ఎంత వరకు పెరగవచ్చో రాతపూర్వకంగా అడగండి. దానికి హాస్టల్, భోజనం, ప్రయాణం, పుస్తకాలు, ల్యాప్‌టాప్, పరీక్ష ఫీజులు, సెలవుల్లో ఉండే ఖర్చు కలపండి. అనుకోని ఖర్చులకు పదో వంతు అదనంగా వేసుకోండి.

స్కాలర్‌షిప్ ఉంటే మూడు ప్రశ్నలు: ఎన్నేళ్లు? కొనసాగాలంటే ఎంత గ్రేడు నిలబెట్టుకోవాలి? ఒక సెమిస్టర్ తప్పితే తిరిగి వస్తుందా, శాశ్వతంగా పోతుందా? మొదటి ఏడాదికే ఇచ్చే స్కాలర్‌షిప్ నిజానికి డిస్కౌంటు మాత్రమే.

అప్పు తీసుకోవాల్సి వస్తే నెలవారీ కిస్తీని 6వ దశలో వచ్చిన మీడియన్ జీతంతో పోల్చండి. అత్యధిక ప్యాకేజీతో కాదు.

8. చదువుతున్న వాళ్లతో మాట్లాడటం

అడ్మిషన్ ఆఫీసు చెప్పేది వినండి. తర్వాత మూడో ఏడాది చదువుతున్న ఇద్దరితో విడివిడిగా మాట్లాడండి. మొదటి ఏడాది వాళ్లు ఇంకా మోజులో ఉంటారు, పూర్తిచేసి వెళ్లినవాళ్లకు కష్టాలు మరపుకొచ్చి ఉంటాయి. మూడో ఏడాది వాళ్లే ఉన్నదున్నట్టు చెబుతారు.

‘కాలేజీ బాగుందా?’ అంటే ‘బాగానే ఉందన్నా’ అనే జవాబే వస్తుంది. అడిగే తీరు మార్చాలి.

‘తమ్ముడూ, మొన్న మంగళవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం క్లాసులు జరిగాయి?’
‘నాలుగుండాలన్నా, రెండే జరిగాయి.’
‘మిగతా రెండూ?’
‘ఒకదానికి సార్ లేరు. కొత్తవాళ్లను ఇంకా తీసుకోలేదు. ల్యాబ్ ఉండాలి గానీ మాకు ఆరుగురికి ఒక సిస్టమ్, అందుకే సగం మంది వెళ్లరు.’

ఒక్క మంగళవారం బ్రోచర్ మొత్తాన్ని విప్పి చూపించింది. ఇంకా అడగాల్సినవి: నీతో చేరినవాళ్లలో ఎంతమంది మానేశారు, ఎందుకు? బ్యాక్‌లాగులు ఎక్కువగా ఏ సబ్జెక్టులో? చివరిసారి ప్రొఫెసర్‌తో క్లాసు బయట ఎప్పుడు మాట్లాడావు? మళ్లీ అవకాశమొస్తే ఇక్కడే చేరతావా?

క్యాంపస్‌కు వెళ్లగలిగితే ప్రత్యేక సందర్శన దినాన కాకుండా మామూలు పనిదినాన వెళ్లండి. లైబ్రరీలో కూర్చునే చోటు దొరుకుతోందా, నోటీసు బోర్డులో తాజా తేదీ ఏది, ల్యాబ్ తలుపు తెరిచి ఉందా చూడండి. నా డిగ్రీ రోజుల్లో బ్రోచర్లో మెరిసిపోయే ల్యాబ్ ఫొటో చూసి ఒక కాలేజీలో చేరాను. ఆ ల్యాబ్ పీజీ విద్యార్థులకు మాత్రమేనని రెండో సెమిస్టర్‌లో తెలిసింది. మూడేళ్లలో అందులో అడుగుపెట్టింది ఒక్కసారి, అదీ ఎవరో పెద్దలు తనిఖీకి వచ్చిన రోజు.

9. అప్లై చేసే జాబితా, ప్రాధాన్య క్రమం

ఏడెనిమిది చాలు. కటాఫ్‌ను ఒక్క ఏడాదిది కాక, మూడేళ్లది చూడండి. మీ మార్కులు కటాఫ్ కంటే తక్కువుంటే అది ‘ఆశ’, దగ్గరలో ఉంటే ‘సమంజసం’, బాగా పైనుంటే ‘భరోసా’. రెండు ఆశలు, మూడు నాలుగు సమంజసాలు, రెండు భరోసాలు పెట్టుకోండి. భరోసా జాబితాలోనిది వస్తే నిజంగా చేరతారా? చేరరంటే అది భరోసా కాదు, దాన్ని తీసేసి ఇంకోటి వెతకండి.

కొన్నిచోట్ల సంఖ్య మీ చేతిలో ఉండదు. బ్రిటన్‌లో డిగ్రీ అప్లికేషన్లు తీసుకునే యూకాస్ ద్వారా అయిదు ఎంపికలే. అందులో మెడిసిన్, డెంటిస్ట్రీ, వెటర్నరీ అయితే గరిష్ఠంగా నాలుగు.

కౌన్సెలింగ్ పద్ధతిలో సీట్లిచ్చే చోట ఆప్షన్ల వరసే కీలకం. మెరిట్ క్రమంలో ఒక్కొక్కరినీ తీసుకుని, వాళ్ల ఆప్షన్లు పైనుంచి చూసుకుంటూ వచ్చే పద్ధతైతే, మీకు నిజంగా ఎంత ఇష్టమో అదే వరసలో పెట్టండి. ‘ఎలాగూ రాదు కదా’ అని పెద్ద కాలేజీని కిందికి నెట్టకండి. పైన పెట్టి రాకపోయినా కింది ఆప్షన్‌కు నష్టం లేదు. కింద పెడితే మాత్రం వచ్చే సీటూ చేజారుతుంది. మొదటి ప్రాధాన్యం ఇచ్చినవాళ్లకే ముందు సీటిచ్చే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంది, అక్కడ ఎత్తుగడ మారుతుంది. నిబంధనల పత్రం చదవకుండా ఆప్షన్లు లాక్ చేయొద్దు.

10. రెండు సీట్ల మధ్య తేల్చుకోవడం

మార్కుల పట్టిక వేయండి. అయిదు అంశాలు: సిలబస్, బోధన, ఖర్చు, తర్వాతి దారి, అక్కడి జీవితం. మొత్తం 100 మార్కులను ఈ అయిదింటికీ మీకు తోచినట్టు పంచి, ఆ తర్వాతే కాలేజీలకు మార్కులు వేయండి. వరస ముఖ్యం. ముందు కాలేజీకి మార్కులు వేస్తే, మనసులో ఉన్నదే గెలిచేలా అంశాల బరువు మార్చేస్తాం. నేనూ చేశాను.

తేడా అయిదు మార్కులలోపు ఉంటే రెండూ సమానమే. అప్పుడు ఖర్చు తక్కువైనదో, దారి మార్చుకునే వీలు ఎక్కువున్నదో తీసుకోండి. పెద్ద యూనివర్సిటీలో అక్కర్లేని బ్రాంచా, మామూలు కాలేజీలో కావాల్సిన బ్రాంచా అంటే నా ఓటు రెండోదానికే. ఒక మినహాయింపు ఉంది: ఆ పెద్ద చోట మొదటి ఏడాది తర్వాత బ్రాంచి మార్చుకునే వీలు ఉండి, గతేడాది నిజంగా కొందరు మారి ఉంటే ఆలోచించవచ్చు. ఎంతమంది మారారో అడగండి, వీలుందని చెప్పినంత మాత్రాన సరిపోదు.

11. తరచూ జరిగే పొరపాట్లు

స్నేహితుడు చేరుతున్నాడని చేరడం. మొదటి నెల తర్వాత అతని సెక్షన్ వేరు, హాస్టల్ వేరు. దీనికి మందు: స్నేహితుడి పేరు తీసేసి మార్కుల పట్టిక మళ్లీ వేయండి.

ఏజెంటు మాట మీద నడవడం. కన్సల్టెన్సీలకు కొన్ని యూనివర్సిటీల నుంచి కమీషన్ వస్తుంది. అది నేరం కాదు గానీ, ‘మీకు కమీషన్ ఇవ్వని యూనివర్సిటీల్లో నాకు సరిపోయేవి రెండు చెప్పండి’ అని అడిగి చూడండి.

‘ఇప్పుడు దీనికే డిమాండ్’ అని దూకడం. మీరు బయటికొచ్చేది మూడు నాలుగేళ్ల తర్వాత. ఇవాళ్టి డిమాండ్ కంటే పునాది గట్టిగా ఉన్న కోర్సు నయం.

‘రేపటిలోగా కట్టకపోతే సీటు పోతుంది’ అన్న ఫోన్‌కు కంగారుపడి డబ్బు కట్టడం. గడువు నిజమైతే అది రాతలో ఉంటుంది. మెయిల్ పంపమనండి.

12. డబ్బు కట్టే ముందు

☐ గుర్తింపును నా కళ్లతో, అసలు సైట్‌లో చూశాను
☐ అన్ని సెమిస్టర్ల సిలబస్ డౌన్‌లోడ్ చేసి దాచాను
☐ ఇద్దరు మూడో ఏడాది విద్యార్థులతో మాట్లాడాను
☐ కోర్సు మొత్తం ఖర్చు రెండో పేజీలోని హద్దు లోపలే ఉంది
☐ సీటు వదులుకుంటే ఎంత, ఏ తేదీలోపు తిరిగిస్తారో చదివాను
☐ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తే రసీదు తీసుకుంటాను, స్కాన్ కాపీలు నా దగ్గరుంటాయి
☐ డబ్బు సంస్థ ఖాతాకే వెళ్తోంది, వ్యక్తి ఖాతాకు కాదు

13. చేరాక మొదటి నెల

ఇల్లు అలకగానే పండగ కాదు. మొదటి రోజే అకడమిక్ క్యాలెండర్ తీసుకుని మూడు తేదీలు గుర్తుపెట్టుకోండి: సబ్జెక్టు మార్చుకోవడానికి ఆఖరి తేదీ, కోర్సు లేదా బ్రాంచి మార్పుకు దరఖాస్తు తేదీ, ఫీజు వాపసుకు ఆఖరి తేదీ. వీటిలో మొదటిది కొన్నిచోట్ల రెండు మూడు వారాల్లోనే ముగిసిపోతుంది.

బెంగగా ఉందా, కోర్సే నచ్చలేదా అన్నది విడదీసి చూడండి. ఇంటి మీద బెంగ సెలవుల తర్వాత తగ్గుతుంది. క్లాసులో కూర్చున్నప్పుడు, అసైన్‌మెంట్ చేస్తున్నప్పుడు కలిగే విసుగు వారం వారం పెరుగుతుంటే అది కోర్సు సమస్య. అలాంటప్పుడు ఇంట్లో చెప్పడానికి భయపడి ఏడాది లాగకండి. ముందు డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ దగ్గరికి వెళ్లి రెండు విషయాలు అడగండి: ఇక్కడే వేరే కోర్సుకు మారితే ఎన్ని క్రెడిట్లు కలుస్తాయి, వేరే యూనివర్సిటీకి వెళ్తే ఎన్ని కలుస్తాయి. ఆ రెండు అంకెలూ రాసుకుని, అప్పుడు ఇంటికి ఫోన్ చేయండి.